పాత బుల్లెట్ కార్బొరేటర్ కారుతుంటే కొత్తది వేయాలా, ఉన్నదాన్నే బాగు చేయాలా?

కాజీపేట జంక్షన్:
బండి కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350, కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది) మిక్‌కార్బ్ వీఎం24. పెట్రోల్ ట్యాప్ తిప్పిన కాసేపటికే ఓవర్‌ఫ్లో పైపు (ఎక్కువైన పెట్రోలు బయటికి పోయేది) నుంచి చుక్కలు పడుతున్నయి. కొత్త నీడిల్ (లోపలికొచ్చే పెట్రోలును ఆపే సూది) వేసినా ఆగలేదు. మెకానిక్ మొత్తం మార్చేయమంటున్నడు. మార్చాల్నా?

గోదావరిఖని 350:
మార్చెయ్యి అన్నా. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు దాన్ని తట్టుకోదు, ఉబ్బి మెత్తబడతది. ఇయ్యాల నీడిల్, రేపు గ్యాస్కెట్ (అతుకు కారకుండా మధ్యలో పెట్టే పొర), ఎల్లుండి ఓ-రింగ్ (రబ్బరు రింగు). విప్పినప్పుడల్లా కూలీ ఇచ్చుకునే బదులు కొత్తదే నయం.

హన్మకొండ టప్పెట్:
నేనొప్పుకోను. కొత్త కార్బొరేటర్‌లోకీ అదే పెట్రోలు, అదే ట్యాంకు తుప్పు వస్తయి. ముందు ఎక్కడ కారుతున్నదో తేల్చాలె. బౌల్ (కార్బొరేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె) అతుకు దగ్గర తడి ఉంటే అది గ్యాస్కెట్ సంగతి. ఓవర్‌ఫ్లో నుంచి వస్తే బౌల్‌లో మట్టం పెరుగుతున్నట్టు, లేదా బౌల్ లోపల నిలబడి ఉండే ఓవర్‌ఫ్లో ఇత్తడి గొట్టమే పగిలినట్టు.

నీడిల్ ఒక్కటే మారిస్తే సగం పనే. వీఎం24లో సీటు (నీడిల్ మొన కూర్చునే రంధ్రం ఉన్న ముక్క) మరతో బిగుస్తది, దాని కింద చిన్న వాషర్ ఉంటది. ఆ వాషర్ పక్క నుంచి పెట్రోలు దిగుతుంటే నీడిల్ ఎంత మంచిదైనా ఆపలేదు. అందుకే నీడిల్, సీటు, వాషర్ మూడూ కలిపి మార్చాలె. పాత నీడిల్ మొనను వెలుతురులో పెట్టి చూడు, చుట్టూ సన్నటి గాడి కనిపిస్తే అరిగినట్టే. కొత్త సీటు దొరక్క పాతదే వాడితే దానికి ఎమెరీ పేపర్ తగలనీయొద్దు. దూది పుల్లకు మెటల్ పాలిష్ రాసి తిప్పి, తర్వాత పెట్రోల్‌తో కడిగితే చాలు.

తర్వాత ఫ్లోట్, అంటే పెట్రోలు మీద తేలుతూ నీడిల్‌ను మూసే బుడ్డి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు కదిలినట్టు వినిపిస్తే అది మునుగుతున్నట్టే, కొత్తది వెయ్యాలె. బాగుంటే కార్బొరేటర్‌ను తలకిందులు చేసి చూడు: ఫ్లోట్ చేయి గ్యాస్కెట్ ముఖానికి సమాంతరంగా ఉండాలె, నాలుక (ఆ చేయి మీది చిన్న రేకు) నీడిల్ మీది స్ప్రింగ్ పిన్నును తాకాలె గాని నొక్కొద్దు. మట్టం ఎక్కువైతే నాలుకను నీడిల్ వైపు వెంట్రుకవాసి వంచు. అలా తలకిందులుగానే ఉంచి పెట్రోల్ నిపుల్‌లో (పైపు తొడిగే మూతి) రబ్బరు బుడ్డితో గాలి కొట్టు. గాలి పోవద్దు.

కాజీపేట జంక్షన్:
గొట్టం పగిలిందో లేదో ఎట్ల తెలుస్తది?

హన్మకొండ టప్పెట్:
బౌల్ విప్పి, డ్రెయిన్ బోల్టు బిగించి, గొట్టం పై అంచుకు తక్కువగా పెట్రోలు పోసి కాగితం మీద నిలబెట్టు. పావుగంటలో ఓవర్‌ఫ్లో నిపుల్ కింద కాగితం తడిస్తే గొట్టం మొదట్లో పగులుంది. అప్పుడు బౌల్ ఒక్కటే మారిస్తే పోతది.

మానుకోట కిక్కర్:
అంతదాకా ఎందుకు, ఓవర్‌ఫ్లో పైపుకు బిరడా కొడితే కారడం ఆగదా?

కరీంనగర్ కార్బ్:
ఆ పని అస్సలు చేయొద్దు. ఆ పెట్రోలు ఎయిర్ ఫిల్టర్ దిక్కు పోతది. ఇన్‌లెట్ వాల్వ్ తెరిచి ఉంటే సిలిండర్‌లోకి దిగి, రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తది. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్) పోతది. ఇప్పటికే రాత్రంతా కారి ఉంటే ఆయిల్ వాసన చూడాలె, పెట్రోల్ వాసన వస్తే కిక్ కొట్టకుండా ఆయిల్ మార్చాలె. వేడి సైలెన్సర్ మీద చుక్క పడితే జరిగేది చెప్పక్కర్లేదు. బండి నిలిపిన ప్రతిసారీ ట్యాప్ మూయడం తప్పనిసరి.

ఇథనాల్ గురించి గోదావరిఖని అన్న మాట మాత్రం కొట్టిపారేయలేం. నీడిల్ మొన, ఓ-రింగులు విటాన్‌వి (ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు) అడిగి తీసుకోండి. వానకాలం బండి వారాలు కదలకుండా ఉంటే ఇథనాల్ తేమను పీల్చుకుంటది, బౌల్ అడుగున తెల్లటి పొర పడతది. అందుకే ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు బౌల్ ఖాళీ చేయాలె.

గోదావరిఖని 350:
విటాన్ సరే. కానీ బౌల్ అంచు వంకర పోయి, స్క్రూ మరలు తెగినదాన్ని ఎంత బాగు చేస్తరు?

హన్మకొండ టప్పెట్:
వంకరను అద్దం పలక మీద 600 నంబర్ ఎమెరీ పేపర్ పెట్టి, నీళ్లతో ఎనిమిది ఆకారంలో రుద్ది చదును చేయొచ్చు. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలె. బాడీలో మర తెగితే, స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకీ కిందికీ కదిలే ముక్క) గాడి అరిగితే మాత్రం నువ్వన్నట్టే కొత్తది. అది గుర్తింపు లేని నకలు కావొద్దు, వాటి జెట్ (పెట్రోలును కొలిచి వదిలే ముక్క) రంధ్రాలు నమ్మలేం.

కాజీపేట తమ్మీ, సెంటర్ స్టాండ్ మీద పెట్టి ఇంకోసారి చూడు. సైడ్ స్టాండ్ వంపులో మట్టం సరిగ్గా ఉన్నా చుక్కలు పడొచ్చు. సీటు వాషర్ ఎట్లుందో చూసి రాయి.