తెరచాప పడవలో తెల్లవారేసరికి బ్యాటరీలు ఖాళీ: లోపం ఎక్కడ?

సెలవులకు అద్దెకు తీసుకున్న తెరచాప పడవలో వారం రోజులుగా రేవులోనే లంగరు వేసుకుని ఉంటున్నాం. ఒడ్డు నుంచి కరెంటు లేదు. నీళ్లు కూడా 29 డిగ్రీల వెచ్చదనంలో ఉన్నాయి.

100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు ఉన్నాయి, 12 వోల్టులవి. సాయంత్రం 6 గంటలకు మీటరులో 12.6 చూపిస్తుంది. తెల్లవారుజామున 4 గంటలకల్లా 11.8కి పడిపోతుంది. ఫ్రిజ్ ఆగిపోతుంది, లంగరు దీపం మసకబారుతుంది. చీకట్లో ఇతర పడవలకు మేం కనిపించమేమోనన్న భయంతో నిద్ర పట్టడం లేదు.

రాత్రి వాడేవి ఫ్రిజ్, లంగరు దీపం, ఆ రెండే. ఫ్రిజ్ నడిచేటప్పుడు 5 ఆంపియర్లు లాగుతోంది, గంటలో దాదాపు 40 నిమిషాలు నడుస్తోంది. మూత అంచు చుట్టూ చెమట పట్టినట్టు నీటి చుక్కలు నిలుస్తున్నాయి. చేత్తో తుడిస్తే పది నిమిషాల్లో మళ్లీ అంతే.

ఫ్రిజ్‌ను 4 నుంచి 8 డిగ్రీలకు మార్చాను, మూత మీద మందపాటి దుప్పటి కప్పాను. 100 వాట్ల సోలార్ పలకను తుడిచి, నీడ పడకుండా జరిపాను. బ్యాటరీ కొసలకు పట్టిన చిలుము గీకి బిగించాను. రోజూ గంటసేపు ఇంజను నడుపుతున్నాను. ఒక రాత్రి ఫ్రిజ్ పూర్తిగా ఆపేసినా పొద్దున 12.1 మాత్రమే ఉంది. నా అనుమానం బ్యాటరీల మీదే, కానీ ఆ చెమట చూస్తే ఫ్రిజ్‌ను కూడా వదిలేయలేకపోతున్నాను.

చేతిలో మామూలు మల్టీమీటర్ ఒక్కటే ఉంది. దానితో రెండు బ్యాటరీల్లో ఏది చెడిపోయిందో తేల్చడం ఎలా?