మందు పేరు, డోసు ఇక్కడ చెప్పడం ఆపేద్దామా?

తెల్లమీసాలు

రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడి ఇవాళ రాస్తున్నాను. మా పిల్లి పోయి ఐదు నెలలైంది. నాలుగేళ్ల మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినదే. ఒళ్లంతా నలుపు, మీసాలు మాత్రం తెలుపు.

ఒక శుక్రవారం రాత్రి అది లిట్టర్ బాక్స్‌లో, అంటే మలమూత్రాలకి పెట్టిన ఇసుక పెట్టెలో కూర్చుని ముక్కుతోంది. లేచి రెండడుగులు వేసి మళ్లీ వెళ్లి కూర్చుంటోంది. ఇసుక ఎక్కడా తడి లేదు, ఉండ లేదు. మోషన్ రావట్లేదేమో అనుకుని మన ఈ పెంపుడు జంతువుల గ్రూపులోనే అడిగాను. గంటలో పదకొండు జవాబులొచ్చాయి. పీచు ఉన్నది పెట్టమన్నారు, నూనె చుక్క నాకించమన్నారు, పొట్ట నిమరమన్నారు. ఒకరైతే విరేచనానికి వాడే సిరప్ పేరు చెప్పి ఎన్ని ఎం.ఎల్. పట్టాలో కూడా రాశారు. పట్టాను. తెల్లారేసరికి తగ్గుతుందన్నారు కదా అని పడుకున్నాను కూడా.

మర్నాడు మధ్యాహ్నానికి వాంతులు. చెవులు చల్లబడ్డాయి. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ గారు పొట్ట పట్టుకుని చూసి, నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టారు. లోపల రాయిలా గట్టిగా ఒక ఉండ. అది మూత్రాశయం. మూత్రం దారి మూసుకుపోయి ఎంతసేపైందో అన్నారు. రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. మూత్రం తీయడానికి క్యాథెటర్ గొట్టం వేశారు, సెలైన్ పెట్టారు. సాయంత్రం పోయింది.

ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు. నిర్వాహకులను ఒకటే అడుగుతున్నాను. మందు పేర్లు, డోసులు రాయడం ఇక్కడ పూర్తిగా నిషేధించండి. అలా రాసిన జవాబు కనిపించగానే తీసెయ్యండి.

రాత్రిడ్యూటీ

మీ బాధ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా మీరు అడిగిన నిషేధానికి ఒప్పుకోలేను, క్షమించండి.

నేను ఇంటికొచ్చేది అర్ధరాత్రి దాటాక. ఆ వేళ తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి నాకు అందుబాటులో లేదు. రెండేళ్ల కిందట మా కుక్క నా బ్యాగులోంచి చక్కెర లేని చూయింగ్ గమ్ ప్యాకెట్ లాగి నమిలేసింది. గమ్ అంతే కదా అనుకున్నాను. ఇక్కడ అడిగితే మూడో నిమిషంలో ఒకరు "ప్యాకెట్ మీద జైలిటాల్ అని ఉందేమో చూడండి" అన్నారు. ఉంది. చక్కెర బదులు వాడే ఆ తీపి పదార్థం పడితే కుక్క ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగదన్నుతుందట, అరగంటలోనే షుగర్ పడిపోవచ్చట, తర్వాత కాలేయం కూడా దెబ్బతినొచ్చట. నిద్రపోతున్న డాక్టర్‌ని ఫోన్ చేసి లేపాను. కుక్క ఇప్పుడు నా కాళ్ల దగ్గరే ఉంది.

ఇంకో మాట. ఇక్కడ ఆపితే జనం అడగడం మానరు. ప్రైవేటు మెసేజీల్లో అడుగుతారు. పిల్లికి పారాసిటమాల్ వెయ్యమని ఇక్కడెవరైనా రాస్తే వెంటనే నలుగురు వచ్చి వద్దు వద్దంటారు. మెసేజీలో ఆ నలుగురూ ఉండరు.

మూడుపిల్లులు

నాదీ అదే మాట, ఇంకొంచెం గట్టిగా చెప్తాను. మా చిన్నదానికి ఎఫ్.ఐ.పి. వచ్చింది. తెలియనివాళ్లకి: పిల్లుల్లో కరోనా వైరస్ రూపం మార్చుకుని తెచ్చే జబ్బు. పొట్టలో పసుపురంగు నీరు చేరుతుంది, పిల్లి రోజురోజుకీ ఎండిపోతుంది. కొన్నేళ్ల కిందటి దాకా ఆ పేరు వినడమంటే మరణవార్త వినడమే.

2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లుల మీద వాడి ఫలితాలు ప్రచురించింది. 26 పిల్లులు 12 వారాల చికిత్స పూర్తి చేశాయి, వాటిలో 24 ఆ వ్యాసం వచ్చేనాటికి ఆరోగ్యంగా ఉన్నాయి. అంత మంచి మందు డాక్టర్లు రాసివ్వడానికి మాత్రం అప్పట్లో వీల్లేదు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా దొరకడం 2021లో మొదలైంది. అమెరికాలో 2024లో గానీ అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. అడ్డు చెప్పబోమని ప్రకటించలేదు. ఈలోగా పిల్లుల్ని బతికించుకున్నదెవరు? ఇలాంటి గ్రూపుల్లో ఒకరికొకరు చెప్పుకున్న యజమానులు. కిలోకి ఎంత, సూది ఎక్కడ గుచ్చాలి, బరువు పెరిగితే ఎంత పెంచాలి, అన్నీ వాళ్లే చెప్పారు. 84 రోజులు రోజూ ఒకే వేళకి సూది గుచ్చాను. అది ఏడ్చేది, నేనూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు దానికి నాలుగేళ్లు.

డోసు చెప్పకూడదన్న నియమం ఆ రోజు ఉండి ఉంటే నా పిల్లి లేదు.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా

పశువైద్యం చదువుతున్నాను, చివరి ఏడాది. కాబట్టి నేనూ పూర్తి డాక్టర్‌ని కాదు, ముందే చెప్తున్నాను.

మూడుపిల్లులు గారూ, మీ పిల్లిని బతికించిన గ్రూపు మిమ్మల్ని ముందు ఏమడిగిందో గుర్తు తెచ్చుకోండి. రక్తపరీక్ష రిపోర్టు అడిగి ఉంటారు, పొట్టలోంచి తీసిన నీటి పరీక్ష అడిగి ఉంటారు, వారం వారం బరువు అడిగి ఉంటారు. ఏ జబ్బో తేలాకే డోసు మాట వచ్చింది. తెల్లమీసాలు గారి విషయంలో జబ్బేంటో తేలకుండానే డోసు వచ్చేసింది. రెండిటినీ ఒకే గాటన కట్టలేం.

డోసు సంగతి కూడా చూడండి. ఇక్కడ తరచూ కనిపించే పేరు ఐవర్‌మెక్టిన్. పశువులకు వాడే 1 శాతం ఇంజెక్షన్‌లో ఒక ఎం.ఎల్.కి 10 మిల్లీగ్రాములుంటుంది. కుక్కకి గుండెపురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే మోతాదు కిలోకి 6 మైక్రోగ్రాములు. అంటే పది కిలోల కుక్కకి 60 మైక్రోగ్రాములు, ఆ సీసాలో అది 0.006 ఎం.ఎల్. ఇంట్లో ఉండే ఏ సిరంజితోనూ అంత కొలవలేరు. ఇదే మందు మొండి గజ్జికి ఇచ్చేటప్పుడు మోతాదు యాభై రెట్లు, వంద రెట్లు ఉంటుంది. ఒకరు గజ్జి గురించి చెప్పింది ఇంకొకరు పురుగుల కోసం చదివితే? ఆ కుక్క కోలీ జాతిదై, ఎం.డి.ఆర్.1 అనే జన్యువులో లోపం ఉంటే ఆ పెద్ద మోతాదులో మందు మెదడులోకి దూరిపోతుంది. కళ్లు కనిపించక, తూలుతూ, కోమాలోకి వెళ్లిన కుక్కని నేను కళ్లారా చూశాను. యజమాని ఫోన్‌లో చూపించిన స్క్రీన్‌షాట్‌లో కుక్క జాతి ఏంటని అడిగినవాళ్లే లేరు.

రాత్రిడ్యూటీ గారూ, పారాసిటమాల్‌ని ఇక్కడ అందరూ ఆపుతారన్నారు, సంతోషం. 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి చాలు, ఎదిగిన పిల్లిని కూడా చంపగలదు. దాన్ని విరిచి విషం పోగొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్ మొయ్యలేక చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. కానీ కుక్క మెడ మీద వేసే పిడుదుల చుక్కల మందు పిల్లికి వెయ్యమని మొన్ననే ఒకరు రాశారు, పెర్మెత్రిన్ ఉన్నది. ఆరు గంటల పాటు ఎవరూ వద్దనలేదు. అది పడితే పిల్లికి వణుకు, ఫిట్స్. పదిమందీ చూస్తున్నారులే అన్న ధీమా అన్నిసార్లూ పనికిరాదు.

రాత్రిడ్యూటీ

ఆ ఆరు గంటల మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే.

పాతకాపు

తెల్లమీసాలు గారూ, ఆ పదకొండు మందిలో నేనొకణ్ణి. ఈ పోస్టు చూశాక వెనక్కి వెళ్లి నా జవాబు వెతికి చదువుకున్నాను. "కంగారు పడకండి, పొట్ట మెల్లగా నిమరండి, పొద్దున్నకి సర్దుకుంటుంది" అని రాశాను. కింద ఇరవై మంది లైక్ కొట్టారు.

మీ ప్రశ్నలో "ఇసుక అంతా పొడిగా, శుభ్రంగా ఉంది" అని స్పష్టంగా ఉంది. మూత్రం రావట్లేదని ఆ ఒక్క ముక్కే చెబుతోంది. చదివాను, పట్టుకోలేకపోయాను. మగా ఆడా అని కూడా అడగలేదు. పద్దెనిమిదేళ్లుగా పిల్లుల్ని పెంచుతున్నాను, అన్నీ ఆడపిల్లులే. ఆడపిల్లికి మూత్రనాళం వెడల్పు, అలా మూసుకుపోవడం చాలా అరుదు. నా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు గనక లోకంలోనే లేదన్నట్టు రాసేశాను.

అందుకే ఈ నిషేధం మీద నాకొక అనుమానం. నేను ఏ మందు పేరూ రాయలేదు, డోసూ రాయలేదు. మీరడిగిన నియమం ఆ రోజు ఉన్నా నా జవాబు చెక్కుచెదరకుండా ఉండేది. మిమ్మల్ని ఆ రాత్రి పడుకోబెట్టింది సిరప్ కాదు, "పొద్దున్నకి సర్దుకుంటుంది" అన్న నా మాట. దానికి మిమ్మల్ని క్షమించమని అడిగే ధైర్యం కూడా నాకు లేదు.

ఒకటేమాట

ఇంత చర్చ ఎందుకండీ? ఏం అడిగినా "డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అని ఒక్క జవాబు పెట్టి మూసెయ్యడమే. మనమెవరం చెప్పడానికి?

మూడుపిల్లులు

ఆ ఒక్క మాటా అందరికీ తెలుసు. తెలిసీ అడుగుతున్నారంటే చేతిలో డబ్బు లేకనో, అర్ధరాత్రి అయ్యో, ఇంతదానికి తీసుకొచ్చావా అంటారేమోనన్న బిడియంతోనో అడుగుతారు. వాళ్లని గుమ్మంలోంచే పంపేస్తే ఇంకోచోట అడిగి ఇంకా ఘోరమైన సలహా పట్టుకుపోతారు.

పాతకాపు గారు చెప్పింది చదివాక నేను కొంచెం మారాను. "వెళ్లండి" అనడం చాలదు, ఎందుకు వెళ్లాలో, ఎంత త్వరగా వెళ్లాలో చెప్పాలి. "మగపిల్లి ముక్కుతోంది, ఇసుక తడవలేదు అంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు, ఇప్పుడే బయల్దేరండి" అని ఆ రాత్రి ఒక్కరు రాసుంటే ఆవిడ పడుకునేవారా?

ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా

పడుకునేవారు కాదు. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చే చాలా కేసుల్లో అడ్డుపడింది తప్పు మందు కాదు, "రేపు చూద్దాం" అన్న మాటే. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్క వాంతికి ప్రయత్నిస్తోంది, ఏమీ రావట్లేదు, పొట్ట ఉబ్బుతోంది అంటే కడుపు మెలిపడి ఉండొచ్చు, దానికి గంటల్లోనే ఆపరేషన్ కావాలి. ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఎద దాటిన కొన్ని వారాలకి నీళ్లు తెగ తాగుతూ డీలాపడిందంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది, లావు పిల్లయితే మరీ. వీటిని పోల్చుకోవడం మీలో చాలామందికి వచ్చు, ఆ చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడ నిజంగా ఉన్నారు.

నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టమనండి, 30 దాటితే ఆలోచించాలి. చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ గులాబీరంగు రావాలి. ఫిట్స్ వస్తుంటే వీడియో తియ్యమనండి, తిన్నదాని ప్యాకెట్ వెంట తెమ్మనండి. ఇవి చెప్పడానికి డోసు అక్కర్లేదు. విషం తిన్నదని ఉప్పునీళ్లు పట్టి కక్కించమని మాత్రం దయచేసి ఎవరికీ చెప్పొద్దు. ఆ ఉప్పే ప్రాణం తీస్తుంది.

తెల్లమీసాలు

అందరివీ రెండుసార్లు చదివాను. డాక్టర్ తేల్చని జబ్బుకి డోసు చెప్పొద్దన్న నా మాట మీద నేను ఇంకా ఉన్నాను. మూడుపిల్లులు గారి లాంటి కేసుకి రిపోర్టు పెట్టాక మాట్లాడుకోవచ్చు, అక్కడ పట్టు సడలిస్తాను.

పాతకాపు గారూ, మీరొచ్చి రాసినందుకు నాకు కోపం రాలేదు. మీ మాట వల్ల ఒక సంగతి తట్టింది. ఆ పిల్లి పోయిందని నేను ఆ ప్రశ్న కింద రాయనేలేదు. ఎవరో "ఇప్పుడెలా ఉంది?" అని అడిగి ఊరుకున్నారు. పోగొట్టుకున్నవాళ్లకి ఆ పేజీ మళ్లీ తెరిచే ఓపిక ఉండదు. మాకు తగ్గిందన్నవాళ్లే మిగులుతారు. చదివేవాళ్లకి అన్ని సలహాలూ పనిచేసినట్టే కనిపిస్తాయి. నిర్వాహకులూ, మందుల సంగతి మీరెలా తేల్చినా, అడిగిన ప్రతి ఒక్కరినీ వారం తర్వాత పలకరించి ఏమైందో రాయించండి. పోయినా రాయించండి.

నేను ఇవాళ పొద్దున ఆ పాత పేజీ తెరిచాను. "ఇది మలబద్ధకం కాదు, మూత్రం మూసుకుపోయింది. శనివారం సాయంత్రం చనిపోయింది" అని రాసి వచ్చాను. నా ప్రశ్న తర్వాత ఇద్దరు ఆ సిరప్ సలహాకి థాంక్స్ చెప్పి వెళ్లారు. మూడోవారు నిన్న రాత్రి రాశారు, మా పిల్లికీ ఇలాగే ఉంది, ఇదే పట్టి చూస్తామని. మగపిల్లా, ఇసుక తడిసిందా అని అడిగాను. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను, ఇంకా జవాబు రాలేదు. వాళ్లు ఎవరికైనా తెలిస్తే ఒక్కసారి ఫోన్ చెయ్యండి.