సినిమా ఆధారంగా చేసిన వీడియో గేమ్ ఆరేళ్ల పిల్లవాడికి ఇవ్వవచ్చా?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు దసరా సెలవులకు వచ్చి, తన పాత ప్లేస్టేషన్ 4ను, దానితో పాటు ‘లెగో స్టార్ వార్స్: ద స్కైవాకర్ సాగా’ అనే డిస్కును మేనల్లుడికని ఇచ్చి వెళ్ళాడు. మా బాబుకు ఆరేళ్లు, పాపకు మూడేళ్లు. ‘స్టార్ వార్స్’ అనే అంతరిక్ష సినిమాల వరుసలో మొదట వచ్చిన 1977 నాటి సినిమాను మామయ్య పక్కన కూర్చుని, ఆయన తెలుగులో కథ చెబుతుండగా బాబు సంతోషంగానే చూశాడు, ఎక్కడా భయపడలేదు. సినిమా చూడగలిగినవాడు ముక్కలు కలిపి చేసే లెగో బొమ్మలతో చేసిన ఆట ఆడితే తప్పేమిటని మా తమ్ముడు అంటున్నాడు. డబ్బా మీద 7 అని ఉంది. అదే ఆటకు అమెరికాలో 10+ అని రాశారని నెట్‌లో చదివాను. ఏ అంకెను నమ్మాలో నాకు అర్థం కాలేదు. వాడు బడిలో ఒడియా అక్షరాలు నేర్చుకుంటున్నాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, ఇంగ్లీషు ఇంకా కూడబలుక్కుని చదవడం కూడా రాదు. ఈ ఆటను ఇంట్లో పిల్లలతో ఆడించినవారు ఎవరైనా ఉంటే, దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: బరంపురం నుంచి ఒక తండ్రి

అమ్మా, మీరు చూసిన రెండు అంకెలూ సరైనవే. 7 అన్నది ఏ ఆట ఏ వయసుకు తగునో చెప్పడానికి యూరప్‌లో 2003 నుంచి అమలులో ఉన్న పెగీ అనే వ్యవస్థ ఇచ్చిన గుర్తు; 10+ అన్నది అదే పని కోసం అమెరికాలో 1994లో ఏర్పడిన ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థ ఇచ్చినది. పెగీ లెక్కలో 7 అంటే చిన్నపిల్లలను భయపెట్టగల దృశ్యాలో శబ్దాలో, లేదా నిజమనిపించని తరహా కొట్లాటో ఉండవచ్చని అర్థం. ఆట ఎంత కష్టమో, ఆ వయసు పిల్లవాడు ఆడగలడో లేదో ఆ అంకె చెప్పదు. ఇంట్లో కన్నీళ్లు వచ్చేది ఎక్కువగా ఆట ఆడలేకపోవడం వల్లనే కనుక, తల్లిదండ్రులు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలని నా మనవి. మన సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చేది సినిమాకే తప్ప ఇలాంటి డిస్కులకు కాదు కాబట్టి, పరాయి దేశాల అంకెల మీదే మనం ఆధారపడవలసి వస్తోంది.

మీ తమ్ముడి వాదనలో ఒక పొరపాటు ఉంది. మీ బాబు చూసింది ఒక్క సినిమా; ముందుగా విడుదలైనా, కథల వరుసలో అది నాలుగోది. 2022లో వచ్చిన ఈ ఆటలో తొమ్మిది సినిమాల కథలు ఉన్నాయి. 1977 నాటి చిత్రానికి అమెరికాలో పీజీ రేటింగ్ (పిల్లలకు పెద్దల మార్గదర్శకత్వం మంచిదని) ఉండగా, 2005లో వచ్చిన మూడో కథకు ఆ వరుసలోనే మొదటిసారిగా పీజీ-13 (పదమూడేళ్లలోపు పిల్లలకు కొన్ని దృశ్యాలు తగకపోవచ్చని) ఇచ్చారు. చివరి మూడు సినిమాలకు కూడా అదే రేటింగ్. ఆటలో అన్నీ నవ్వు పుట్టించేటట్టు మలిచారన్నది నిజమే. అయినా గురువులు చనిపోవడం, తండ్రే కొడుకుకు శత్రువని తేలడం కథలోంచి పోవు. ఒకటో, నాలుగో, ఏడో కథల్లో దేనితోనైనా ఆట మొదలుపెట్టవచ్చు గనుక, బాబుకు తెలిసిన నాలుగో కథతో మొదలుపెట్టి మిగిలినవి ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మా పాపకు ఏడేళ్లున్నప్పుడు నేను దానితో కలిసి ఆడాను. ఇందులో నెత్తురు కనిపించదు. దెబ్బ తిన్న పాత్ర ముక్కలుగా ఊడిపోయి, పోగుచేసుకున్న నాణేల్లో కొన్నిటిని పోగొట్టుకుని, క్షణంలో మళ్ళీ లేచి నిలబడుతుంది. ఓడిపోయినందుకు ఆట మొదటికి రాకపోవడం ఆ వయసు పిల్లలకు పెద్ద ఊరట. కొట్టడం మాత్రం ఆగకుండా సాగుతూనే ఉంటుంది, ఆ సంగతి దాచకుండా చెప్పాలి. నల్ల ముసుగు ప్రతినాయకుడు వచ్చేటప్పటి సంగీతం విని మా పాప నా ఒళ్లోకి చేరింది. అంతకంటే ఎక్కువగా అది ఏడ్చింది అంతరిక్ష నౌకను నడపలేక. ఇద్దరు ఆడుతున్నప్పుడు తెర రెండు భాగాలవుతుంది, తన సగం ఏదో తెలియక కొంతసేపు తికమకపడింది. రెండో కంట్రోలర్‌తో పెద్దవారు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆటలో చేరి, కష్టమైన చోటు దాటించి, తప్పుకోవచ్చు. ఆరేళ్ల బాబుకు ఆ రెండో కంట్రోలర్ లేకుండా ఈ ఆట ఇవ్వవద్దని నా సలహా.

జవాబు: రాయగడ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

నేను ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు చెబుతాను కాబట్టి, మీరు ప్రస్తావించిన భాష విషయం గురించే ముందుగా రాస్తున్నాను. 2005లో వచ్చిన మొదటి లెగో స్టార్ వార్స్ ఆటలో మాటలే లేవు, పాత్రలన్నీ సైగలతో కథ నడిపేవి, కనుక ఏ భాష పిల్లవాడైనా అర్థం చేసుకోగలిగేవాడు. మీ దగ్గరున్న ఆటలో పాత్రలు మాట్లాడతాయి. ఎక్కడికి వెళ్ళాలో, ఏమి చేయాలో తెర మీద రాతలో వస్తుంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు ఉన్న మన సరిహద్దు పిల్లలకు ఆ రాత గోడ మీద గీతలతో సమానం. ఏమి చేయాలో తెలియని పిల్లవాడు కనిపించిన ప్రతిదాన్నీ కొట్టుకుంటూ పోతాడు, అప్పుడు ఆటలో ఉన్న ఆలోచనంతా పోయి కొట్టడం ఒక్కటే మిగులుతుంది. మీరు పక్కన కూర్చుని ప్రతి సూచననూ తెలుగులో చెబితే, అదే ఆట అతనికి వేరుగా కనిపిస్తుంది.

సినిమాలో కత్తియుద్ధం రెండు నిమిషాల్లో అయిపోతుంది, పిల్లవాడు చూసి ఊరుకుంటాడు. ఆటలో ఆ కత్తి తిప్పే చేయి అతనిదే, అదీ ఒక్కసారి కాదు, ఓడిన ప్రతిసారీ మళ్ళీ తిప్పాలి. సినిమా చూడనిచ్చాం కదా అని ఆటకూ సరే అనలేమని నేను భావించడానికి కారణం ఇదే. ఆట ముగిశాక ఏమి జరిగిందో కథగా చెప్పమని అడగండి. బొమ్మ విరిగింది, మళ్ళీ అతుక్కుంది అని స్పష్టంగా చెప్పగలిగితే కంగారు పడవలసింది లేదు. చెల్లెలి మీదకు స్కేలు ఎత్తుతుంటే కొన్ని నెలలు ఆగడం మంచిది.

మూడేళ్ల పాప గురించి ఎవరూ అడగలేదు గానీ, నాకు ఎక్కువ ఆందోళన ఆమె విషయంలోనే ఉంది. అన్న ఆడుతుంటే ఆమె కదలకుండా కూర్చుని చూస్తుంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ గంటలో టీవీ, ఫోను కూడా కలిసే ఉంటాయి. పాప నిద్రపోయే వేళకే బాబు ఆటను పెట్టుకోండి.

జవాబు: సిరొంచ నుంచి

అక్కయ్య గారూ, మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా. డిస్కు ఆట గురించి పైవారు చెప్పినదానికి నేను కలపగలిగింది లేదు, ఫోన్ ఆటల గురించి మాత్రం ఒక హెచ్చరిక చేస్తాను. పిల్లల సినిమా పేరుతో వచ్చిన ఒక ఉచిత ఆటను, ప్లే స్టోర్‌లో 3+ అని చూసి, మా అమ్మాయికి పెట్టి ఇచ్చాను. అందులో డబ్బు పెట్టి కొనే వస్తువులు ఉంటాయన్న చిన్న వరుస కిందే ఉన్నా నేను పట్టించుకోలేదు, మూడు రోజుల్లో నా ఖాతాలోంచి డబ్బు పోయింది. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చాకే ఇప్పుడు ఫోను ఇస్తున్నాను. ఇంకొక మాట: మాయల బడి కథ అయిన ‘హ్యారీ పోటర్’ సినిమాలు చూసిన పిల్లలు రేపు ఆ బడి మీదే చేసిన ‘హాగ్వార్ట్స్ లెగసీ’ ఆట కావాలంటారు. 2023లో వచ్చిన ఆ ఆటకు పెగీ 12 ఇచ్చింది, కాబట్టి సినిమాలు ఇష్టమైనంత మాత్రాన అది ఈ వయసుకు తగదు.

ప్రశ్న అడిగిన తల్లి

మీ అందరికీ కృతజ్ఞతలు. బాబు పేరుతో పిల్లల ఖాతా తెరిచి, రోజుకు ముప్పై నిమిషాలకు పరిమితి పెట్టాను. పిల్లలిద్దరూ అమ్మమ్మ దగ్గర ఉన్న పూట నాలుగో కథలో మొదటి భాగం నేనే ఆడి చూశాను. నాకే రెండుసార్లు దారి తెలియలేదు కనుక రాయగడ టీచరు గారు చెప్పింది పూర్తిగా అర్థమైంది. నిన్న మధ్యాహ్నం పాప పడుకున్నాక ఇద్దరం కలిసి ఆడాం. నేను సూచనలు తెలుగులో చెబుతుంటే, వాడు కొట్టడం మానేసి ముక్కలు కలిపి తలుపు తెరిచే పనిలో చాలాసేపు ఉండిపోయాడు. తమ్ముడికి ఫోన్ చేసి, మూడో కథను వాడికి పదేళ్లు వచ్చేదాకా పెట్టనని చెప్పాను. రెండో కంట్రోలర్ బటన్ ఒకటి సరిగా నొక్కుకోవడం లేదు, బరంపురంలో బాగుచేసేవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.