కొత్తగా ఉద్యోగం, నాలుగైదేళ్లలో ఇల్లు కొనాలని ఉంది. పెట్టుబడి ఇప్పుడే మొదలెట్టాలా?

కొత్తజీతం:
అందరికీ నమస్కారం. వయసు 25. జీతంలో మూడో వంతు మిగులుతోంది. అదంతా డౌన్ పేమెంట్‌కే దాచాలా, కొంత ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలో ఉన్న షేర్లనే కొనే ఫండ్) సిప్, అంటే నెలనెలా కొంత, వేసుకోవచ్చా? చదువుకి తీసుకున్న అప్పు ఇంకా ఉంది, ముందు అది తీర్చాలా? నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి కూడా దాస్తోంది, ఇద్దరిదీ ఒకే ఖాతాలో వేస్తే ఇబ్బందేమైనా ఉంటుందా? అద్దెకుండటమంటే డబ్బు తగలెయ్యడమేనని మా మేనమామ ఒకటే పోరు.

చక్రవడ్డీ:
మొత్తం ఇండెక్స్‌లో పెట్టెయ్ తమ్ముడూ. ఈ వయసులో డిపాజిట్లేంటి? మార్కెట్ సగటున ఏడాదికి పది శాతం ఇస్తుంది. డబ్బు ఎన్నేళ్లకి రెట్టింపవుతుందో తెలియాలంటే 72ని ఆ శాతంతో భాగించాలి. 72ని 10తో భాగించు, ఏడేళ్లకి రెట్టింపు. ఇల్లు దానంతటదే వస్తుంది.

ఆగినఇల్లు:
మా ఆయన కూడా అచ్చం ఇలాగే చెప్పి డౌన్ పేమెంట్ డబ్బంతా ఫండ్‌లోనే ఉంచాడు. ఇల్లు చూసి, బేరం కుదిరి, అడ్వాన్స్ ఇద్దామనుకునేసరికి 2020 మార్చి వచ్చింది. ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపు అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 సుమారు 34 శాతం పడింది. ఆగస్టుకల్లా కోలుకుందిలెండి. అమ్మేవాళ్లే ఆగస్టు దాకా ఆగలేదు.

చక్రవడ్డీ:
అక్కా, కదపకుండా ఉంచుకునుంటే లాభమేగా. ఫండ్‌ది తప్పెలా అవుతుంది?

ఆగినఇల్లు:
అమ్మకుండా ఇల్లెలా కొంటారో కాస్త చెప్పు బాబూ. యూనిట్లు తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టమంటావా?

లెక్కలపుల్ల:
ఆ "సగటున" దగ్గరే ఉంది తిరకాసు. ఒక ఏడాది 50 శాతం పెరిగి, తర్వాతి ఏడాది 50 శాతం పడితే సగటు సున్నా. చేతిలో ఉన్న 100 మాత్రం 75 అవుతుంది. ఎస్ అండ్ పీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి లోపు సగానికి పైగా కరిగిపోయింది. మళ్లీ పాత ఎత్తుకి చేరింది 2013లో.

చక్రవడ్డీ:
డివిడెండ్లు, అంటే కంపెనీలు పంచే లాభాలు, వదిలేసి లెక్క చెప్తున్నారు. కలిపితే 2012కే వచ్చేసింది.

లెక్కలపుల్ల:
సరే, 2012. నాలుగేళ్లలో ఇల్లు కావాలన్న కుర్రాడికి దానివల్ల ఒరిగిందేంటి? అదృష్టం బాగాలేకపోతే ఇంకా ఘోరం. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరులో ఎక్కిన ఎత్తుని 2024 ఫిబ్రవరిలో గానీ దాటలేదు.

చక్రవడ్డీ:
వచ్చిందండీ జపాన్! ప్రతి చర్చలో దాన్ని లాక్కురాకపోతే మీకు ముద్ద దిగదా? నెలనెలా కొన్నవాడికి అన్నేళ్లు పట్టలేదు. ఉన్నదంతా 1989 డిసెంబరులో ఒక్కరోజే పెట్టిన మనిషిని ఎక్కడైనా చూశారా?

లెక్కలపుల్ల:
నెలనెలా పెట్టినా, చివరి ఏడాదికి పోగైందంతా మార్కెట్‌లోనే ఉంటుంది, పడితే అంతా కలిసే పడుతుంది. సిప్ కొనేటప్పుడు ధర సర్దుతుంది, అమ్మేటప్పుడు ఏం సర్దుతుంది? అర్థం చేసుకుని రాయండి.

చక్రవడ్డీ:
మీలాంటి పిరికివాళ్ల మాట విన్నవాడు జన్మలో బాగుపడడు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలొద్దు. ఇద్దరికీ చెప్తున్నా.

మోసపోనిక:
ఏ ఫండ్ అనేది తర్వాత. ముందు తెలిసినవాళ్ల దగ్గర ఏదీ కొనకు తమ్ముడూ. మాకు దగ్గరి చుట్టం ఒకాయన బీమా, పెట్టుబడి రెండూ కలిపిన పథకమొకటి అంటగట్టాడు. మధ్యలో ఆపేస్తే సగం కోత. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు. ఫండ్ నడిపేవాళ్లు ఏటా తీసుకునే ఖర్చు ఒక్క శాతమేగా అంటారు. 30 ఏళ్లు 7 శాతంతో పెరిగితే వంద కాస్తా 761 అవుతుంది, 6 శాతంతో అయితే 574. ఆ తేడా ఎవరి జేబులోకి పోయిందో ఆలోచించు. 1976లో జాన్ బోగుల్ మామూలు జనానికి తొలి ఇండెక్స్ ఫండ్ తెస్తే అందరూ వెక్కిరించారు. ఆయన గోలంతా ఈ ఖర్చు గురించే.

పాతబ్యాంకరు:
నేను గృహరుణాల విభాగంలోనే రిటైరయ్యాను. మీరంతా పుస్తకాల్లో చదివింది నేను బల్ల అవతల కూర్చుని చూశాను. డౌన్ పేమెంట్ 20 శాతం ఉంది సార్ అని ధీమాగా వస్తారు. రిజిస్ట్రేషన్, పన్నులు, లాయరు ఫీజు, చేరగానే బయటపడే మరమ్మతులు... వీటికేవీ అనడిగితే బిక్కమొహం. ఇంకోటి వినండి. 8 శాతానికి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే వందకి కట్టేది రెండొందలు. మొదటి నెల వాయిదాలో 80 శాతం వడ్డీకే పోతుంది. పదేళ్లు కట్టాక కూడా అసలులో 69 శాతం అలాగే ఉంటుంది. ఇది తెలియనివాళ్లే అద్దె దండగంటారు.

సొంతగూడు:
బ్యాంకరు గారూ, మీకు సొంతిల్లు ఉండబట్టి ఎన్నైనా చెప్తారు. అద్దె ఏటా పెరుగుతుంది, స్థిర వడ్డీ అయితే వాయిదా పెరగదు. మా పాప పరీక్షల ముందు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. ఆ కష్టానికి మీ శాతాల్లో లెక్కుందా?

అద్దెలోహాయి:
మీ బాధ నిజమే. కానీ వడ్డీ తిరిగొస్తుందా? ఆస్తి పన్ను? పైకప్పు కారితే పెట్టిన ఖర్చు? ఇవన్నీ పోయే డబ్బులే. అద్దె ఒక్కటే దండగైందా? ఇంకో ఊళ్లో మంచి ఉద్యోగమొస్తే నేను వచ్చే నెల బయల్దేరతాను. మీరో?

సొంతగూడు:
నేను ఎక్కడికీ వెళ్లను. అందుకే కొన్నాను.

కొత్తజీతం:
అందరికీ థాంక్స్. చదువు అప్పు వడ్డీ 11 శాతం, ఆ సంగతి రాయలేదు ముందు. ఇంటి డబ్బు డిపాజిట్‌లో కాకుండా బాండ్ ఫండ్‌లో (ప్రభుత్వాలు, కంపెనీలు తీసుకునే అప్పుల పత్రాలు కొనే ఫండ్) పెడితే భయం లేదా?

పాతబ్యాంకరు:
11 శాతమా? చేతిలో కొన్ని నెలల ఖర్చుకి సరిపడా ఉంచుకుని ముందు అది తీర్చు నాయనా. ఖాయంగా 11 శాతం మిగిల్చే పెట్టుబడి ఇంకెక్కడ దొరుకుతుంది?

లెక్కలపుల్ల:
దీర్ఘకాలపు బాండ్ ఫండ్ జోలికి పోకు. వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండ్ల ధర పడుతుంది. 2022లో అమెరికాలో షేర్లూ బాండ్లూ రెండూ పడ్డాయి. ఇల్లు కొనే ఏడాదికి గడువు తీరే డిపాజిట్ చాలు. ముసలితనానికి దాచేది మాత్రం వేరే పెట్టు. అది ఇండెక్స్‌లో ఎంత చిన్న మొత్తంతోనైనా ఇప్పుడే మొదలుపెట్టు. ఈ ఒక్క మాటలో చక్రవడ్డీ గారిది కరెక్టే.

చక్రవడ్డీ:
పొద్దున్నుంచి నేను మొత్తుకునేది అదేగా!

ఆగినఇల్లు:
నువ్వు మొత్తుకుంది "మొత్తం" అని. పైకెళ్లి చూసుకో.

మూడోఅంతస్తు:
బ్యాంకరు గారూ, చర్చ మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. కాస్త బోనస్ వచ్చింది. ఇంటి అప్పులో ముందే కడదామనుకుంటున్నా. ఈఎంఐ తగ్గించమనాలా, గడువు తగ్గించమనాలా?

పాతబ్యాంకరు:
ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించుకోండి, వడ్డీ ఎక్కువ మిగులుతుంది. నోటిమాటతో వదలకండి, కాగితం మీద రాసివ్వండి. నెల గడవడం కష్టంగా ఉంటేనే ఈఎంఐ తగ్గించమని అడగండి.

చక్రవడ్డీ:
బోనస్ తీసుకెళ్లి అప్పులో పోస్తారేంటండీ? ఇండెక్స్‌లో...

లెక్కలపుల్ల:
ఆగండి. మూడోఅంతస్తు గారూ, మీ అప్పు మీద వడ్డీ ఎంతో ముందు చెప్పండి.