అద్దె ఇంటి కిటికీకి ప్రైవసీ: ఫిల్మా, కర్టెనా?

మూడో_అంతస్తు: ఎదుటి బిల్డింగ్ బాల్కనీ సరిగ్గా మా హాల్ కిటికీకి ఎదురుగా ఉంది. అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టకూడదు. తక్కువ ఖర్చులో, ఖాళీ చేసేటప్పుడు తీసేసేలా ఏం చెయ్యొచ్చు?

కిరణ్_ఆర్: మిర్రర్ ఫిల్మ్ వేసెయ్యండి, కిటికీ గ్లాసుకి అతికించే అద్దంలాంటి పల్చటి షీటు. మనకి బయటంతా కనిపిస్తుంది, వాళ్లకి ఏం కనపడదు. ఇంక ఆలోచించక్కర్లేదు.

పద్మజ: పగలు మాత్రమే అండి. వెలుతురు ఎటువైపు ఎక్కువుంటే అటునుంచి చూసేవాళ్లకే అది అద్దంలా ఉంటుంది. రాత్రి లోపల లైట్ వేశారంటే మీకు మీ మొహం, వాళ్లకి మీ హాలంతా. ఫ్రాస్టెడ్‌లో స్టాటిక్ ఫిల్మ్ తీసుకోండి, అంటే మసక గ్లాసులా కనిపించేది, దానికి జిగురుండదు, నీళ్లలో రెండు చుక్కల సబ్బు కలిపి అద్దం మీద చల్లి అతికించి పాత కార్డుతో బుడగలు బయటికి తోసెయ్యడమే, ఊడదీసి మళ్లీ వాడుకోవచ్చు. గరుకు అద్దానికి మాత్రం అతకదు. మనిషి ఎత్తు దాకా వేస్తే చాలు, పైనుంచి వెలుతురొస్తుంది.

కిరణ్_ఆర్: మా ఇంట్లో మిర్రరే వేశాం, ఎవ్వరూ ఏమీ అనలేదు.

పద్మజ: అనకపోవడం వేరు, కనపడకపోవడం వేరు. రాత్రి లైట్లన్నీ వేసి కిందకి దిగి మీరే చూడండి.

చిన్నా: బబుల్ ర్యాప్ ఉత్త నీళ్లతోనే అంటుకుంటుంది. అందంగా ఉండదు గానీ పనవుతుంది.

సుబ్బలక్ష్మి: ఫిల్మ్ మాటెత్తకండి. పాత ఇంట్లో స్టిక్కర్ వేస్తే గ్లాసుకి మరకలయ్యాయని ఓనర్ అడ్వాన్స్‌లో కోసేశాడు, ఎంత బతిమాలినా వినలేదు. కర్టెనే నయం.

పద్మజ: అది జిగురుదండి, నేను చెప్పేది జిగురు లేనిది.

సుబ్బలక్ష్మి: ఏదైనా ఓనర్‌కి ఒకటే. ముందు అడిగి వెయ్యాలి.

కిరణ్_ఆర్: కర్టెన్ వేసి మూసుకుంటే పోయేదానికి ఇంత సైన్స్ ఎందుకు, రాత్రికి ఫిల్మ్ పనిచెయ్యదు అని పట్టుకు కూర్చున్నారు.

మూడో_అంతస్తు: మూసుకోమనడం తేలికే. పట్టపగలు లైట్లేసుకుని బతకాలా? ఎదుటింటాయన బాల్కనీలో నిలబడి కావాలనే లోపలికి చూస్తాడు, మా అమ్మాయి హాల్లో చదువుకోవడమే మానేసింది.

కిరణ్_ఆర్: ఈ సంగతి ముందే చెప్పాలి కదా! అయితే ఫిల్మ్ ఎందుకు, వెళ్లి అడగండి. మీరు దాక్కుంటే ఆయనదే పైచెయ్యి.

పద్మజ: అడగాల్సిందే, కాదనను. కానీ ఆయన మారేదాకా ఆ పిల్ల హాల్లోకి రాకూడదా? ఫిల్మ్ వేసుకోవడం దాక్కోవడం కాదు.

కిరణ్_ఆర్: తప్పు ఆయనది, ఖర్చు వీళ్లది. నాకు ఒప్పుదల లేదు.

మూడో_అంతస్తు: వాళ్ల అసోసియేషన్‌లో చెప్తాను. ఫిల్మ్ మాత్రం ఇవాళే వేస్తున్నా. రాత్రికి మందం కర్టెన్ వెయ్యాలంటే మేకు లేకుండా కిటికీకి రెండు పక్కలా ఒత్తుకుని బిగుసుకునే స్ప్రింగ్ రాడ్ ఆగుతుందా?

పద్మజ: బరువైతే జారిపోతుంది, వెడల్పు కిటికీ అయితే మధ్యలో వంగుతుంది కూడా. ఫ్రాస్టెడ్ వేశాక రాత్రి కూడా నీడలే కనపడతాయి, అవీ వద్దనుకుంటే తేలిక గుడ్డ రెండు పొరలు వెయ్యండి చాలు.