మట్‌లో తెలుగు మెయిల్ విరిగి కనిపిస్తోంది, అమ్మకూ ఇలాగే వెళ్తుందా?

ప్రశ్న:
నమస్కారం. నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2 జీబీ ర్యామ్. బ్రౌజర్‌లో మెయిల్ తెరిస్తే మిగతా పనులన్నీ ఆగిపోతున్నాయని డెబియన్ లినక్స్ టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకున్నాను. ఇంగ్లీషు మెయిళ్లు క్షణంలో తెరుచుకుంటున్నాయి. చిక్కంతా తెలుగుతోనే. అమ్మ రాసిన మెయిల్ ఒక టెర్మినల్‌లో వరుసగా ప్రశ్నార్థకాలు, ఇంకోదాంట్లో తెరిస్తే వత్తులన్నీ విడివిడి. నేను జవాబు రాస్తే ఆవిడకూ ఇలాగే చేరుతుందా? అసలే చూపు సరిగా ఆనదు, కూడబలుక్కుని చదువుతుంది. విరిగిన తెలుగు పంపడానికి మనసొప్పడం లేదు.

జవాబు:
వత్తులు విడిపోవడం గురించైతే ఆ భయం పెట్టుకోకండి, అమ్మగారికి సరిగానే చేరుతుంది. మీరు చూసినవి రెండు వేర్వేరు లోపాలు.

ప్రశ్నార్థకాలకు కారణం లొకేల్, అంటే సిస్టమ్ ఏ భాషను, ఏ అక్షర సంకేతాలను వాడాలో చెప్పే అమరిక. టెర్మినల్‌లో లొకేల్ అనే ఆదేశం ఇవ్వండి. సీ అనో పోసిక్స్ అనో వస్తే ఆ టెర్మినల్లో మట్‌కు తెలిసినవి ఇంగ్లీషు అక్షరాలే. ముందు దీన్ని సరిచేశాకే జవాబు రాయండి. లొకేల్స్ ప్యాకేజీని రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) డీపీకేజీ-రీకాన్ఫిగర్ అనే ఆదేశంతో మళ్లీ అమర్చి, పేరు చివర యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ రాయగల సంకేత పద్ధతి) ఉన్నదాన్ని ఎంచుకోండి. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ చేయండి. తెలుగు లొకేలే కానక్కర్లేదు, యూటీఎఫ్-8 ఉన్న ఇంగ్లీషు లొకేల్ చాలు. మట్ అమరికలు ఉండే మట్‌ఆర్‌సీ ఫైల్లో క్యారెక్టర్ సెట్ (అక్షర సంకేతాల పద్ధతి) గురించి మీరు ఏదైనా పంక్తి రాసి ఉంటే తీసేయండి. లొకేల్‌ను బట్టి మట్ తనే తెలుసుకుంటుంది.

వత్తులు విడిపోవడం మెయిల్ తప్పు కాదు, మట్ తప్పూ కాదు. టెర్మినల్‌కు తెర అంటే గళ్ల కాగితం. అక్షరాలను గడుల లెక్కన పెట్టుకుంటూ పోతుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే. కంప్యూటర్లు వాడే యూనికోడ్ అక్షర పట్టికలో మాత్రం అది 6 సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడి దీర్ఘం. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. ఆ ఆరింటినీ కలిపి ఒక్క రూపంగా గీయడం చాలా టెర్మినళ్లకు చేతకాదు. నేను వాడినవాటిలో కాన్సోల్ (Konsole) అనే టెర్మినల్ ప్రోగ్రామ్ మెరుగు. తెరమీద ఎలా కనిపించినా ఆ 18 బైట్లూ చెక్కుచెదరకుండా వెళ్తాయి. మీ చిరునామాకే ఒక తెలుగు మెయిల్ పంపుకొని ఫోనులో తెరిచి చూడండి.

మళ్లీ ప్రశ్న:
ఫోనులో ముత్యాల్లా ఉన్నాయండీ! చాలా సంతోషం. అయితే టెర్మినల్లో రాయబోతే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. అందుకని మట్‌ఆర్‌సీలో ఎడిటర్‌గా జీఎడిట్ పెట్టాను, అది వేరే కిటికీలో తెరుచుకునే రాత ప్రోగ్రామ్. ఒక్కోసారి బాగానే రాయనిస్తోంది. ఒక్కోసారి నేను మొదటి మాట రాసేలోపే, ఉత్తరంలో మార్పేమీ లేదు, రద్దు చేశాను అంటోంది మట్. ఇంకొకటి, పాస్‌వర్డ్‌ను అదే ఫైల్లో ఉన్నదున్నట్టు రాశాను. పరవాలేదా?

జవాబు:
రద్దయిన ప్రతిసారీ జీఎడిట్ కిటికీ ఒకటి ముందే తెరిచి ఉండి ఉంటుంది, గమనించండి. అప్పుడు కొత్తగా పిలిచిన జీఎడిట్ ఫైలును ఆ పాత కిటికీకి అప్పగించి తను ముగిసిపోతుంది. మట్ చూసేది ఎడిటర్ ముగిసిందా లేదా అన్నదే. ముగిసింది, ఫైలు మారలేదు, కాబట్టి రద్దు. ఎడిటర్ పంక్తిలో జీఎడిట్ పేరు తర్వాత రెండు అడ్డగీతలు పెట్టి వెయిట్ అని చేర్చండి. మీరు ఆ ఫైలు మూసేవరకూ మట్ ఆగుతుంది.

పాస్‌వర్డ్ అలా ఉంచవద్దు. దాన్ని వేరే ఫైల్లో పెట్టి జీపీజీ అనే గుప్తీకరణ ప్రోగ్రామ్‌తో గుప్తీకరించండి, మట్ తెరిచినప్పుడు సోర్స్ ఆదేశంతో విప్పుకొనేలా రాయండి. అది కుదిరేదాకా కనీసం సీహెచ్‌మోడ్ 600 అనే అనుమతుల ఆదేశం ఇచ్చి ఆ ఫైలు ఇతరులు చదవకుండా చేయండి. మీ ఖాతా జీమెయిల్ అయితే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. అది ఎవరి చేతికైనా చిక్కిందనిపిస్తే దాన్నొక్కటే రద్దు చేసుకోవచ్చు.

మరొకరి జవాబు:
ఫోను డేటాతో నెట్ వాడేవారైతే ఒక మాట. ఐమాప్‌లో (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చదివే పద్ధతి) మెయిల్ తెరవగానే మట్ జోడింపులతో సహా మొత్తం దింపుకుంటుంది. అమ్మగారు ఫొటోలు పంపితే మీరు అడగకుండానే డేటా ఖర్చయిపోతుంది. ఆల్పైన్ అనే ఇంకో టెర్మినల్ మెయిల్ ప్రోగ్రామ్ అలా కాదు, ముందు రాతను మాత్రమే తెస్తుంది, మీరు ఎంచుకున్న జోడింపును అప్పుడు దింపుతుంది. తెర అడుగున ఏ మీట ఏం చేస్తుందో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి కొత్తవారికి బెరుకు ఉండదు. లొకేల్ గురించి పైన చెప్పినదంతా దీనికీ వర్తిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వెయిట్ చేర్చాక ఒక్కసారీ రద్దు కాలేదు. నిన్న అమ్మ మెయిల్‌ను ఆల్పైన్‌లో తెరిస్తే రాత వెంటనే వచ్చింది, 4 ఫొటోల పేర్లు మాత్రం వరుసగా కనిపించాయి. పెరట్లో మామిడి పూతది ఒక్కటే దింపుకున్నాను. జవాబు తెలుగులోనే రాశాను. ఉదయం ఫోన్ చేసి, నా ఉత్తరాన్ని నాన్నకు పైకి చదివి వినిపించానని అమ్మ చెప్పింది.