గ్లుటమైన్ పొడి: పేగుకు మేలా, మంటకు మేతా?

శ్రీలత_బయోకెం
పేగుల్లో దీర్ఘకాలం మంట (ఇన్‌ఫ్లమేషన్) ఉండే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ జబ్బులున్నవాళ్లు, ప్రోటీన్‌లో ఉండే గ్లుటమైన్ అనే అమైనో ఆమ్లం పొడి వాడొచ్చా అని ఇక్కడ తరచూ అడుగుతున్నారు. డాక్టర్‌తో మాట్లాడకుండా వద్దనే అంటాను. విశ్రాంతిలో ఉన్న టి కణం (ఒక రకం రోగనిరోధక కణం) ఒక్కసారి రంగంలోకి దిగిందంటే, అమైనో ఆమ్లాలను లోపలికి తీసుకునే ద్వారాలను బాగా పెంచుకుంటుంది. దానికి గ్లుటమైన్ ఇంధనమూ అవుతుంది, కొత్త కణాలకు ముడిసరుకూ అవుతుంది. ఎలుకల్లో ఏఎస్‌సీటీ2 అనే ద్వారాన్ని తీసేస్తే ఇన్‌ఫ్లమేషన్ పెంచే టీహెచ్1, టీహెచ్17 రకాల టి కణాలు సరిగా తయారు కాలేదు. మంటను అదుపు చేసే టి కణాలకు మాత్రం పెద్దగా లోటు రాలేదు. మరి ఆ ఇంధనాన్ని మనమే అదనంగా ఎందుకు పోయాలి?

రవి_పోషణ
శ్రీలత గారూ, మీరు టి కణం వైపు నుంచే చూస్తున్నారు. పేగు లోపలి పొరలోని కణాలకు కూడా గ్లుటమైనే ముఖ్య ఇంధనం. ఆ పొర దెబ్బతింటే బ్యాక్టీరియా లోపలికి చొరబడి మంట ఇంకా పెరుగుతుంది. పొరను నిలబెట్టడం కూడా వైద్యమే కదా!

శ్రీలత_బయోకెం
అది చిన్నపేగు సంగతి. పెద్దపేగు కణాలు ఎక్కువగా బ్యూటిరేట్ మీద నడుస్తాయి. దాన్ని పీచుపదార్థం నుంచి బ్యాక్టీరియా తయారుచేస్తాయి. అల్సరేటివ్ కొలైటిస్ వచ్చేది పెద్దపేగుకే. ఇక క్రోన్స్ ఉన్న పిల్లలకు గ్లుటమైన్ ఎక్కువగా కలిపిన ద్రవాహారం ఇచ్చి చూశారు, చిన్న ట్రయలే అనుకోండి, మామూలు ద్రవాహారం కంటే మెరుగైన ఫలితం రాలేదు. 2013లో వచ్చిన రెడాక్స్ ట్రయల్ చూడండి: ఐసీయూలో 1,223 మంది రోగులు, గ్లుటమైన్ ఇచ్చినవాళ్లలో మరణాలు పెరిగాయి.

రవి_పోషణ
ఆ ట్రయల్‌ని ఇక్కడికి తేవడం న్యాయం కాదండీ. వాళ్లు వెంటిలేటర్ మీద ఉన్నారు, ఒకటికి మించి అవయవాలు దెబ్బతిన్నాయి, డోసు కూడా చాలా ఎక్కువ. 2022లో తీవ్రంగా కాలిన 1,209 మందిపై జరిగిన ట్రయల్‌లో మేలు కనిపించలేదు, నిజమే. కానీ అంత హాని కూడా కనిపించలేదు.

కణశాస్త్రం_అభిమాని
ఇద్దరూ గ్లుటమైన్ ఎంత అనే చూస్తున్నారు. కణంలో ఏ ఎంజైమ్ పనిచేస్తోందన్నదే నాకు అసలు ప్రశ్న. ఆర్జినైన్ అనే మరో అమైనో ఆమ్లం చూడండి: ఎలుకల్లో సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్ కణంలో ఐనాస్ ఎంజైమ్ దాన్ని అందుకుంటే సూక్ష్మజీవుల్ని చంపే నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది. ఆర్జినేజ్ అందుకుంటే గాయం మాన్పడానికి పనికొచ్చే ఆర్నిథైన్ వస్తుంది. పదార్థం ఒకటే, పని మాత్రం పూర్తిగా వేరు. ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని ఐడీఓ ఎంజైమ్ విరగ్గొడితే టి కణాలు నెమ్మదిస్తాయి. గర్భంలోని పిల్లను తల్లి ఎలుక శరీరం తిరస్కరించకుండా ఇదే కాపాడుతోందని 1998లోనే చూపించారు.

గ్లుటమైన్‌ని అడ్డుకున్నా లెక్క అంత సులువుగా తేలదు, శ్రీలత గారూ. ఎలుకల టి కణాల్లో గ్లుటమైన్‌ని విరగ్గొట్టే గ్లుటమినేజ్ ఎంజైమ్‌ని తీసేస్తే టీహెచ్17 తగ్గింది గానీ టీహెచ్1 బలపడింది.

వేణు_రీడర్
నాకు క్రోన్స్ ఉంది. ఇదంతా చదివాక టెన్షన్‌గా ఉంది. ప్రోటీన్ తగ్గించేయాలా?

శ్రీలత_బయోకెం
వద్దు వేణు గారూ, దయచేసి తగ్గించకండి. నా అభ్యంతరం విడిగా కొనే పొడి మీదే, భోజనంలోని ప్రోటీన్ మీద కాదు. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు కండ కరుగుతుంది. అప్పుడు పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని యూరప్ పోషణ నిపుణుల సంఘం ఎస్పెన్ చెబుతోంది. జబ్బు అణిగినప్పుడు సుమారు 1 గ్రాము.

రవి_పోషణ
ఈ విషయంలో శ్రీలత గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కిడ్నీ సమస్య ఏదైనా ఉంటే మాత్రం ఈ లెక్క మారుతుంది, ముందు డాక్టర్‌తో మాట్లాడండి.